కట్టేసిన ఓడకు వాటా

తమ్ముడు కంచం ముందుకు తోసేసి లేచి నిలబడ్డాడు.

"కూర్చోరా," అంది ఆమె.

"ఆకలి చచ్చిపోయిందక్కా."

"చావలేదు. వచ్చినప్పటినుంచీ కోపమే నములుతున్నావు, దాంతోనే కడుపు నిండింది. కూర్చో."

వాడు కూర్చోలేదు. కుర్చీ వెనక అంచు రెండు చేతులా పట్టుకుని బావ వైపే చూస్తున్నాడు. బావ, అంటే ఆమె భర్త, తలెత్తకుండా తింటున్నాడు. ఒక్కో ముద్దా తాపీగా కలుపుకుని తాపీగా మింగుతున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన తగువు నడుమ తాపీగా తిన్న పూట ఒక్కటీ లేదు.

పోయిన ఆదివారం ఇదే బల్ల దగ్గర బావా బావమరుదులు అరుచుకున్న అరుపులకి పక్కింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు. "నా ఓడ ఇల్లరికపుటల్లుడా?" అని తమ్ముడు. "కాక? తిని కూర్చునేవాణ్ణి ఏమంటారు?" అని ఆయన. తమ్ముడు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్లిపోయాడు. అలాంటిది, నిన్న పొద్దుపోయాక ఆయనే ఫోను చేసి, "రేపు భోజనానికి రావోయ్, కూర్చుని తేల్చుకుందాం," అని పిలిచాడు. ఆ పిలుపులో తేనె కారింది. తేనె ఆయన సరుకు కాదు.

తేల్చుకోవాల్సింది మాత్రం చిన్న విషయం కాదు. మూడు కంపెనీల ఓడలూ కలిసి తిరిగే ఒప్పందం ఈ రాత్రితో ముగిసిపోతుంది.

ఏడాది కిందటిదాకా ఎవరి దారి వారిదే. ఆమె మెట్టినింటివి మూడు కంటెయినర్ ఓడలు, పుట్టింటివి రెండు, మామగారి తమ్ముడు కెప్టెన్ చిన్నమామయ్యవి రెండు. ఒకే రేవుకి ఒకే రోజున మూడు కంపెనీల ఓడలూ సగం సగం కడుపులతో వచ్చి నిలబడేవి. పంతానికి పోయి ఒకరిని చూసి ఒకరు రేటు తగ్గించుకుంటూ, ముగ్గురూ కట్టగట్టుకుని మునిగే దశకి వచ్చారు. అప్పుడు మూడిళ్లవాళ్లనీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టింది ఆమే. ఓడలన్నిటినీ ఒక వరసలో పెట్టింది. ఎవరి ఓడలో ఎవరి పెట్టెలైనా ఎక్కుతాయి. ప్రతి రేవుకీ వారానికో ఓడ, నిండుగా వస్తుంది. అలా తిప్పితే ఆరు ఓడలు చాలు. ఏడోదాన్ని కట్టేయాలి.

నూనె ఎక్కువ తాగుతుందని తమ్ముడి ఓడని కట్టేశారు. వచ్చిన లాభాన్ని మోసిన పెట్టెలను బట్టి పంచుకున్నారు. కట్టేసిన ఓడ ఒక్క పెట్టె కూడా మోయదు కనక దాని వాటా గుండుసున్నా అయింది. అసలు పేచీ అదీ.

"బావగారూ," అన్నాడు తమ్ముడు.

'బావా' అనే నోటితో 'బావగారూ' అన్నాడంటే లోపల ఎంత మండుతోందో ఆమెకి తెలుసు. ఆ ఇంట్లో మర్యాద పెరిగిందంటే బంధుత్వం తరిగిందని లెక్క.

"నా ఓడ ఆగకపోయుంటే మీ ఓడలు నిండేవా?"

"నిండేవి కావు," అన్నాడు ఆయన.

తమ్ముడు తడబడ్డాడు. కాదంటే దెబ్బలాడదామని నడుం కట్టుకుని వచ్చినవాడికి, ఔనంటే ఏం చెయ్యాలో పాలుపోలేదు.

"మరి ఆగినందుకు దాని వాటా ఏదీ?"

"మాట్లాడదాం. ముందు పాత షరతుల మీదే ఇంకో ఏడాదికి సంతకం పెట్టెయ్. ఒప్పందం తెగిపోతే ఇద్దరం వీధిన పడతాం కదోయ్. వాటా సంగతి నిదానంగా చూద్దాం."

"నిదానంగా అంటే ఎప్పటికి?"

"ఈ నెల్లోనే. మీ అక్క మీద ఒట్టు."

నీళ్లు పోస్తున్న ఆమె ఆయన వైపు చూసింది. ఒట్లు వేయడం ఆయనకి అలవాటు లేదు. వ్యాపారంలో అసలే లేదు.

బల్ల చివర అత్తగారు కొడుకు మొహంలోకి ఒకసారి చూసి, మళ్లీ తన కంచంలోకి చూసుకుంది. ఆవిడ నోరు విప్పితే ఎవరికీ భయం లేదు. మూస్తేనే భయం.

అంతలో వెనకగదిలో ఆమె ఫోను మోగింది.

"తియ్యకు," అన్నాడు ఆయన, మరీ త్వరగా. "ఆదివారం. భోజనాల వేళ."

ఆమె చేతులు తుడుచుకుని వెనకగదిలోకి వెళ్లింది.

ఆ గదే మూడు కంపెనీలకీ బుర్ర. గోడ పొడుగునా తెల్లటి బోర్డు, దాని మీద రేవులన్నీ వరసగా గీసి ఉంటాయి. ఆరు అయస్కాంతపు ముక్కలు ఆరు రంగుల్లో ఆ గీత మీద తిరుగుతుంటాయి. ఏడోది, పసుపు ముక్క, కింద ఎడమ మూల ఏడాదిగా కదలకుండా ఉంది. పక్కన కంప్యూటరు తెర మీద ఓడలు చుక్కల్లా పాకుతుంటాయి. పొద్దున ఆమె ఆ గది తలుపు తీయబోతుంటే, "ఇవాళ్టికి దాని మొహం చూడకు, తమ్ముడొస్తున్నాడు కదా," అని ఆయనే ఆపాడు. పోనీలే, తన వాళ్లంటే ఇంత ప్రేమ పుట్టుకొచ్చింది అని ఆమె మురిసిపోయింది కూడా.

ఫోనులో కెప్టెన్ చిన్నమామయ్య.

"ఏం చేస్తున్నావమ్మాయీ?"

"వడ్డిస్తున్నాను మామయ్యా."

"ఎవరికి?"

"మీ అన్నగారి అబ్బాయికీ మా తమ్ముడికీ."

"అయ్యో, కత్తులూ అవీ దాచావా మరి?" అని నవ్వాడు. ఆయన జీవితమంతా సముద్రం మీద గడిపినవాడు, తుఫాను గురించి చెప్పినా నవ్వించే చెబుతాడు. కానీ ఈసారి నవ్వు మధ్యలో తెగిపోయింది. "పెద్దావిడ సంగతి చెప్పాడా మీ ఆయన?"

పెద్దావిడ అంటే మామగారు కొన్న మొట్టమొదటి ఓడ. ఇంట్లో అందరూ దాన్ని అలాగే పిలుస్తారు.

"ఏం సంగతి?"

అవతల మామయ్య గొంతు తగ్గించాడు.

"చెప్పలేదన్నమాట. ఇంజను పోయిందమ్మా. రాత్రే పోయింది. పొద్దున మావాళ్ల ఓడ ఆ పక్కనుంచి పోతూ చూసింది. రెండు నల్ల గుండ్లు వేలాడదీసుకుని నడిసముద్రంలో నిలబడి ఉందట."

రెండు నల్ల గుండ్లు, ఒకదాని కింద ఒకటి. ఈ ఓడ మా చేతుల్లో లేదు, మీరే తప్పుకుని పోండి అని పగటిపూట చెప్పే గుర్తు. చిన్నప్పుడు నాన్న బొమ్మ గీసి నేర్పిన గుర్తు. ఇన్నేళ్లలో తమ ఓడల మీద అది ఎగరడం ఇదే మొదలు.

"మనుషులు?"

"బాగానే ఉన్నారు. మా ఓడని పక్కనే ఉండమన్నాను. నీకు తనే చెబుతాను, మీరు చెప్పకండి అన్నాడు మీవాడు. సాయంత్రం దాకా ఆగుదామనుకున్నా, మనసొప్పలేదు. రేపు దాని కోసం రేవులో పెట్టెలు ఎదురు చూస్తుంటాయి. ఎవర్ని పంపుతున్నావు?"

"కట్టేసిన ఓడ ఉందిగా మామయ్యా."

"అదే నేనూ అనుకున్నా. మీ తమ్ముడు దాని ఇంజను వెచ్చగా ఉంచడం మన అదృష్టం. దానికే కదూ మనందరం వాణ్ణి తిట్టిపోశాం!"

నిజమే. కట్టేసిన ఓడని ఎవరైనా చల్లారబెడతారు. ఇంజను ఆపి, మనుషుల్ని ఇళ్లకి పంపేస్తారు. మళ్లీ లేపాలంటే వారాలు పడుతుంది. తమ్ముడు మాత్రం సొంత ఖర్చు మీద పనివాళ్లని ఓడలోనే ఉంచి, ఇంజనుని పడుకోనివ్వలేదు. ఎప్పుడు పారిపోదామా అని చూస్తున్నాడు, మనమంటే నమ్మకం లేదు అని ఆయన ఏడాది పొడుగునా దెప్పాడు. ఇప్పుడు ఆ అపనమ్మకమే దిక్కయింది.

ఫోను పెట్టేసి కంప్యూటరు తెరిచింది. వరసలోని ఆరు చుక్కల్లో నాలుగే కదులుతున్నాయి; పెద్దావిడా, దాని పక్కన చిన్నమామయ్య ఓడా నిలిచిపోయాయి.

అప్పుడు ఆమెకి తేనె ఎక్కడిదో అర్థమైంది. పాత షరతుల్లో ఒకటుంది. వరసలో ఓడ తప్పితే, కట్టేసిన ఓడ పిలవగానే రావాలి, దానికి విడిగా ఏమీ ఇవ్వనక్కర్లేదు. తమ్ముడు ఇవాళ సంతకం పెడితే రేపు పొద్దున వాడి ఓడ ఊరికే వస్తుంది. పెట్టకముందే సంగతి తెలిస్తే వాడు ఏం అడిగినా ఇవ్వాల్సిందే.

వెనక తలుపు మూసుకున్న చప్పుడైంది. ఆయన లోపలికి వచ్చి తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"బాబాయేనా?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నీ మొహం ఊరుకోదు. అద్దంలో చూసినట్టు చదివేస్తాడు మీవాడు." గొంతు తగ్గించాడు. "ఒక్క గంట ఓపిక పట్టు. సంతకం కానీ. ఆ తర్వాత నేనే చెబుతాను."

"చెప్పి, వాడి ఓడని ఊరికే పట్టుకుపోతారు."

"ఒప్పందంలో ఉన్నదే అడుగుతాను."

"ఉన్నదే అయితే దాచడం దేనికి?"

ఆయన కంప్యూటరు వైపు చూశాడు. కదలని పెద్దావిడ చుక్క మీదే ఆయన చూపు నిలిచింది. రాత్రంతా నిద్ర లేదని ఆ కళ్లు చెబుతున్నాయి. పక్కనే పడుకుని తను ఎలా గమనించలేదో ఆమెకి తెలియలేదు.

"అది మా నాన్న ఓడ," అన్నాడు నెమ్మదిగా. "దాన్ని బాగు చేయించడానికే నా నడుం విరుగుతుంది. రేపు రేవులో పెట్టెలు ఉండిపోతే సరుకువాళ్లందరూ మనతో పోటీపడే ఆ పెద్ద కంపెనీ పంచన చేరతారు. ఈ పరిస్థితిలో మీ తమ్ముడు నా పీకల మీద కూర్చుంటే మళ్లీ లేవలేను."

ఆమెకి జాలి వేసింది. కోపంతో పాటే వేసింది, అదే ఆమె బాధ. ఆయన చెడ్డవాడైతే ఎంత సుఖంగా ఉండేది!

"కూర్చోడు. నేను మాట్లాడతాను వాడితో."

"మాట్లాడితే వింటాడా? ఈ గుమ్మం దాటితే వాడు నీ తమ్ముడు కాదు, వ్యాపారస్తుడు."

"మరి ఈ గుమ్మం లోపల మీరెవరు?"

"నువ్వెవరివి?" అన్నాడు ఆయన చటుక్కున. "అది చెప్పు ముందు. ఏ ఇంటి మనిషివి నువ్వు?"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. కానీ మాట బయటికి వచ్చేసింది. పెళ్లయిన ఇన్నేళ్లూ ఆ ప్రశ్న ఆయన నోట వినకూడదనే ఆమె పుట్టింటికి వెళ్తే మెట్టినింటిని పొగిడింది, ఇక్కడ పుట్టింటి ఊసెత్తకుండా నోరు కట్టుకుంది. ఇంత జాగ్రత్తా ఇప్పుడు నీళ్లపాలైంది.

"నన్ను ఇక్కడ కూర్చోబెట్టిన రోజున ఏమన్నారు మీరు? ఈ బోర్డు ముందు నువ్వు ఏ ఇంటిదానివీ కావు, అందుకే ముగ్గురం నిన్ను నమ్ముతున్నాం అన్నారు. నేనేమన్నాను? బోర్డు మీద అబద్ధం ఉండకూడదు, ఉన్న రోజున నేను తప్పుకుంటాను అన్నాను. ఇవాళ పొద్దున్నుంచీ ఈ బోర్డు మీద పెద్దావిడ రేవు వైపు పరుగెడుతోందండీ."

"ఒక్క గంట," అన్నాడు ఆయన మళ్లీ. ఈసారి అది బతిమాలడమే.

ఆమె ఆయన పక్కనుంచి తలుపు తీసుకుని హాల్లోకి వచ్చింది.

వచ్చేసరికి తమ్ముడు బుద్ధిమంతుడిలా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కంచం పక్కకి జరిపి, ఒప్పందం కాగితాలు ముందు పెట్టుకుని, చివరి పేజీ తిప్పి, పెన్ను మూత కూడా తీశాడు.

"ఏంట్రా ఇది?"

"ఆలోచించానక్కా. బావ చెప్పిందీ నిజమే. తెంచుకుంటే ఎవరికి లాభం? నెల్లో తేల్చుకుందాం." బావ వైపు తిరిగి, "ఎక్కడ పెట్టమంటావ్ బావా?" అన్నాడు.

అరగంట కిందటి బావగారు మళ్లీ బావ అయిపోయాడు. ఆయన మొహంలో దీపం వెలిగింది. గబగబా వచ్చి వేలితో చోటు చూపించాడు. అత్తగారు మంచినీళ్ల గ్లాసు నోటిదాకా తెచ్చుకుని అక్కడే ఆపింది.

నోరు మూసుకుంటే చాలు, ఒక్క నిమిషంలో అంతా సర్దుకుంటుంది. భర్త దక్కుతాడు, ఇల్లు దక్కుతుంది. తమ్ముడికి రేపు తెలుస్తుంది. తెలిసినా అక్కకి తెలుసునని తెలియదు. తనకి మాత్రం తెలుసు కదా! ఆ తర్వాత వాడి మొహం ఎలా చూడటం?

"ఆగరా," అంది.

"మళ్లీ ఏమొచ్చింది?"

"పెద్దావిడ ఇంజను పోయింది. రాత్రి నుంచీ నడిసముద్రంలో ఆగిపోయి ఉంది, రెండు గుండ్లు ఎగరేసింది."

అత్తగారి చేతిలో గ్లాసు బల్లకి తగిలి నీళ్లు ఒలికాయి. ఓడవాడి భార్యగా బతికిన మనిషి, ఆ గుండ్లేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"మనుషులో?" అంది ఆవిడ.

"క్షేమమే అత్తయ్యా. చిన్నమామయ్యగారి ఓడ పక్కనే ఉంది."

ఆయన బల్ల మీద నుంచి చెయ్యి తీసేశాడు. "అయిపోయిందా? కడుపు చల్లబడిందా?" అన్నాడు ఆమెతో. అరవలేదు. అరిచినా బాగుండేది.

ఆగితే మళ్లీ ధైర్యం రాదేమోనని తమ్ముడితోనే గబగబా చెప్పేసింది. "రేపు దాని వంతుకి నీ ఓడ కావాలి. ఊరికే కాదు. ఏడాదిగా నేను చెబుతున్నదే ఇవాళ ఈ బల్ల మీద తేలాలి. మోసిన పెట్టెల్ని బట్టి కాదు పంచుకోవాల్సింది. ఒక్కొక్కర్నీ వరసలోంచి తీసి చూడాలి. బావ లేకపోతే మిగతా ఇద్దరికీ ఎంత తగ్గుతుంది, నువ్వు లేకపోతే ఎంత తగ్గుతుంది, చిన్నమామయ్య లేకపోతే ఎంత తగ్గుతుంది. ఎవరు లేకపోతే ఎంత లోటో, దాన్ని బట్టి వాళ్ల వాటా. నీ ఓడ ఆగబట్టే తక్కినవి నిండాయి. ఆగడం కూడా పనేరా. దానికీ వాటా ఉంది. అది రాసుకున్నాకే సంతకం."

"అడగమను," అన్నాడు ఆయన, నవ్వొకటి తెచ్చిపెట్టుకుని. "ఎంత కావాలో అడగమను. పీక ఎలాగూ దొరికిందిగా, పిసకమను."

తమ్ముడు అడగలేదు.

పెన్ను మూత వెతుక్కుంటున్నాడు. కళ్ల ముందే ఉన్న మూత వాడికి కనపడటం లేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు. చిన్నప్పుడు గాజుసామాను పగలగొట్టి తలుపు చాటున నిలబడ్డప్పటి మొహం అది. ఆమె ఒక్కతే గుర్తుపట్టగలదు.

"ఏం చేశావురా?"

"అక్కా…"

"చెప్పు."

"ఓడ అక్కడ లేదు."

ఎవరికీ అర్థం కాలేదు. అత్తగారు ఒలికిన నీళ్లు తుడవడం ఆపి చూసింది.

"లేదంటే?" అన్నాడు ఆయన.

"తెల్లారుజామునే బయల్దేరింది. పెద్ద కంపెనీవాళ్ల సరుకు. ఒక్క ట్రిప్పే అన్నారు. తిరిగొచ్చి మళ్లీ అక్కడే కట్టేస్తే ఎవరికి తెలుస్తుందని…"

"మరి ఈ సంతకం?"

తమ్ముడు తల దించుకున్నాడు. "రెండో ఓడకి ఈ వరస కావాలిగా బావా."

కట్టేసిన ఓడ బయటివాళ్ల సరుకు ముట్టకూడదన్నది ఒప్పందంలో మొట్టమొదటి మాట. అది పెట్టించింది కూడా తమ్ముడే, బావ మీద అనుమానంతో.

ఆయన ఒక్క క్షణం వాణ్ణి ఎగాదిగా చూసి నవ్వడం మొదలుపెట్టాడు. పగలబడి నవ్వాడు. ఆ నవ్వు వింటుంటే ఏడుపే నయమనిపించింది.

"భేష్! నేను చచ్చిన ఇంజను దాచాను, వీడు లేని ఓడని దాచాడు. లేని ఓడ కోసమా నేను రాత్రంతా పథకాలు వేసింది? అమ్మా, చూశావా నీ కోడలి తమ్ముణ్ణి?"

"వాణ్ణీ చూశాను, నిన్నూ చూశాను," అంది అత్తగారు. "ఇద్దరికీ నడిసముద్రంలో ఉన్న పిల్లలు తిండి తిన్నారో లేదో పట్టలేదు. అదీ చూశాను."

తమ్ముడికి పౌరుషం పొడుచుకొచ్చింది. "నన్ను దొంగని చెయ్యకండి! ఏడాది పాటు దాని మొహం చూసినవాడు లేడు. ఇల్లరికపుటల్లుడని నవ్వారు. బతికుందా చచ్చిందా అని ఒక్కరు అడిగారా? ఇవాళ అవసరమొచ్చి ఎక్కడుందంటున్నారు." ఆమె వైపు తిరిగాడు. "వాళ్ల సంగతి సరే. నువ్వడిగావా అక్కా?"

ఆమె వెనకగది వైపు చూసింది.

అడగలేదు. కట్టేసిన నాడే కంప్యూటరు మీద ఆ చుక్కని తనే తీసేసింది, కదలనిదాన్ని చూసేదేముందని. పసుపు ముక్కని మూల పెట్టి మరిచిపోయింది. కట్టేసిన ఓడకి వాటా ఉండాలని ప్రతి బల్ల దగ్గరా వాదించింది, ఆ ఓడ ఉందో లేదో మాత్రం చూసుకోలేదు. బోర్డు మీద అబద్ధం ఉండకూడదని భర్త ముందు గుండె గట్టి చేసుకుని చెప్పి అరగంట కాలేదు. ఆ చెప్పేటప్పుడే బోర్డు మీద రెండు అబద్ధాలున్నాయి, అందులో ఒకటి తన చలవే.

చేతిలో ఫోను మోగింది. చిన్నమామయ్య. ఆమె ఫోను నలుగురికీ వినపడేలా పెట్టింది. ఇక దాచడానికి ఓపిక లేదు.

"అమ్మాయీ, మావాళ్లు అడుగుతున్నారు. రేపు రేవుకి ఎవరొస్తున్నారు?"

"తెలియదు మామయ్యా."

"అదేంటి, కట్టేసిన ఓడ ఉందన్నావుగా?"

"అది నా బోర్డు మీదే ఉంది. రేవులో లేదు. తెల్లారుజామున వేరేవాళ్ల సరుకుతో వెళ్లిపోయింది. మీ అన్నగారి అబ్బాయి ఇంజను సంగతి మా తమ్ముడి దగ్గర దాచాడు, వాడు ఓడ సంగతి మనందరి దగ్గరా దాచాడు. నేను చూసుకోలేదు."

మామయ్య దగ్గర కిటికీ తెరిచి ఉందేమో, ఫోనులో గాలి వినపడింది. నలుగురూ ఆయన హాస్యమాడతాడేమోనని ఎదురు చూశారు. ఆడలేదు.

"నా ఓడ పెద్దావిడని వదలదు. లాగేవాళ్లు వచ్చేదాకా కనిపెట్టుకుని ఉంటుంది. ఆ పనికి ఒప్పందంతో సంబంధం లేదు," అన్నాడు. "ఆ తర్వాత నా రెండు ఓడలూ నేను తీసేసుకుంటానమ్మా."

"బాబాయ్!" అన్నాడు ఆయన.

"నువ్వు మాట్లాడకురా. మీరిద్దరూ ఏడాదిగా నీ వాటా నా వాటా అని కొట్టుకుంటుంటే, మూడోవాడొకడున్నాడని మీకెప్పుడైనా గుర్తొచ్చిందా? నేను మీ మాట మీద రాలేదు. ఈ అమ్మాయి మాట మీద వచ్చాను. అమ్మాయీ, ఒకటే అడుగుతా. బోర్డు మీద అబద్ధం ఉంటే తప్పుకుంటానన్నావు. తప్పుకుంటున్నావా, ఉంటున్నావా? నువ్వుంటే నా ఓడలుంటాయి. లేకపోతే లేదు."

చిన్నమామయ్య ఓడలు రెండూ పోతే వరస లేదు. మిగిలినవాటితో వారానికో ఓడ నడవదు. అది ఆమె కంటే ముందు ఆ ఇద్దరికీ అర్థమైంది.

"ఉన్నానని చెప్పు," అన్నాడు ఆయన గొణిగినట్టు.

"ఉన్నానను అక్కా," అన్నాడు తమ్ముడు.

దాపరికం లేకుండా ఆ ఇద్దరూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి. ఏ ఇంటి మనిషివని అడిగినాయన ఒకవైపు, నువ్వడిగావా అని నిలదీసినవాడు ఒకవైపు. ఇద్దరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. ఔనంటే ఇద్దరికీ గండం గడుస్తుంది, మళ్లీ వారానికి ఇంకో కొత్త అబద్ధం పుడుతుంది. కాదంటే పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒక్క దెబ్బతో మునుగుతాయి. ఆమెకి ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఏం చెయ్యాలో తెలిసింది: ఇకమీదట ఎవరు దాచినా వాళ్లకే నష్టం తగిలేలా ఇద్దరినీ కట్టిపడేయాలి.

"మామయ్యా, లైన్లోనే ఉండండి," అంది. "నేను ఉండాలంటే ఈ ఇద్దరి దగ్గర్నుంచీ నాకు ఒక్కొక్క పూచీ కావాలి. మీరు వింటుండగానే అడుగుతాను."

ఫోను బల్ల మధ్యలో పెట్టింది. సంతకం లేని కాగితాలు తీసి తన దగ్గర పెట్టుకుంది. తమ్ముడు లేవబోయాడు. ఆయన కూడా వెనకగది వైపు ఒక అడుగు వేశాడు.

అప్పటికే అత్తగారు వెళ్లి వీధి తలుపు గడియ పెట్టేసింది.

"కూర్చోండి ఇద్దరూ," అంది ఆవిడ. "అడుగు తల్లీ."